ఏమీ అనలేదు

జూలై 18, గురువారం

నిన్న ఉష రొట్టెల పండక్కి నెల్లూరు పోయి వచ్చింది. చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒకరి చేతిలోని రొట్టె ఇంకొకరు అందుకుంటే కోరిక తీరుతుందట. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, వీసా రొట్టె. సర్కారు నోటిఫికేషన్ ఇవ్వకపోయినా చెరువు ఇస్తుంది. ఈమె నా పాత స్నేహితుడు ఫ్రెడ్డీ పేరు మీద ఆరోగ్యం రొట్టె పట్టుకొచ్చింది. నేను కావలి హేతువాద సంఘం అధ్యక్షుణ్ణి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈమె నా భార్య.

క్లోమానికి పట్టిన క్యాన్సర్ రొట్టెకు లొంగుతుందా అని అడిగాను. మందుకు లొంగిందా అని అడిగింది.

ఇవాళ ఇద్దరం బిట్రగుంట పోయాం. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని పంపించేశాక ఫ్రెడ్డీ చెల్లెలి ఇంట్లోనే ఉన్నాడు. చెల్లెలు రెజీనా ఏఎన్ఎమ్‌గా చేసి రిటైరైంది, సెలైన్ ఎక్కించడం ఆమెకు లెక్కలోది కాదు. ఉష రొట్టె తీసి ఇవ్వగానే ఆయన చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలి, ఉప్పు తక్కువైందన్నాడు. ఉష నవ్వింది. రెజీనా నవ్వింది. నేను నవ్వలేదు.

వాళ్ళు వంటింట్లోకి పోయాక, ముప్ఫై ఏళ్ళ హేతువాదం ఒక రొట్టెముక్కతో సరిపోయిందే అన్నాను.

“ఆమె ఆ ఎండలో, ఆ జనంలో నిలబడి తెచ్చింది కృష్ణా. నువ్వేం తెచ్చినావు నాకు?”

మా సంఘం పత్రిక కొత్త సంచిక తెచ్చాను. విప్పకుండానే దిండు కింద పెట్టుకున్నాడు.

జూలై 21, ఆదివారం

బిట్రగుంటలో పొద్దున్నుంచి చర్చి మైకు. అంతా వినేవాడికి మైకెందుకో. ఆ చర్చి పాస్టరు తిమోతి రోజూ ఫ్రెడ్డీని చూడటానికి వస్తున్నాడు. నలభై ఏళ్ళ కింద సభ్యత్వం రిజిస్టరు నుంచి ఫ్రెడ్డీ పేరు కొట్టేసిన చర్చి ఇదే. ఇప్పుడు మంచం చుట్టూ తిరుగుతోంది, చావు వాసన తగిలిన గద్దలాగా. ఫ్రెడ్డీ అతనితో రైళ్ళ గురించి మాట్లాడతాడు. గూడ్సు గార్డుగా పనిచేసినవాడికి రైళ్ళ కబుర్లు తరగవు. పాస్టరు కూడా శ్రద్ధగా వింటాడు. మంచి వేటగాడికి ఓపిక ఎక్కువ.

నాకు ముప్ఫై ఒక్కేళ్ళ కిందటి ఫ్రెడ్డీ గుర్తొస్తున్నాడు. అప్పుడు నేను కావలి కాలేజీలో పొద్దున న్యూటన్ సూత్రాలు చెప్పి, సాయంత్రం శనీశ్వరుడికి నూనె పోసే ఫిజిక్స్ లెక్చరర్ని. బోగోలు పక్కన ఒక పల్లెలో నాగులమ్మ అనే విధవరాలు చేతబడి చేస్తోందని పుకారు పుట్టింది. రెండు దూడలు చచ్చాయి, ఒకాయన రక్తం కక్కుకున్నాడు. పళ్ళు పీకేస్తే మంత్రం పలకదని పట్టకారు తెచ్చారు. వింత చూద్దామని పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె గడపలో తెల్ల యూనిఫారంలో ఒక గార్డు కూర్చుని ఉన్నాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడట.

“పీకాలంటే ముందు నావి పీకండి. ఎటూ రెండు ఊగతా ఉండాయి,” అన్నాడు.

రెండు రోజులు కదల్లేదు. ఎస్సై వచ్చిందాకా అక్కడే. రెండో రోజు నేను పోయి పక్కన కూర్చున్నాను. శనీశ్వరుడికి ఆ తర్వాత నూనె పోయలేదు.

ఒక్కటి మాత్రం ఆయనలో నాకు నచ్చదు. మీదే మతమని ఎవరైనా అడిగితే నేను ఠపీమని నాస్తికుణ్ణి అంటాను. ఆయన “గార్డుని” అనేవాడు. ఇది తప్పించుకోవడం. నాస్తికుడంటే దేవుడు లేడని చెప్పేవాడు. చెప్పకపోతే వాడికీ గోడకీ తేడా ఏముంది?

జూలై 24

సంఘం కార్యదర్శి మధుబాబు వచ్చాడు. కొత్త ఇంట్లో వంటిల్లు ఆగ్నేయంలో కట్టించుకున్నాడు, గాలి కోసమట. ఫ్రెడ్డీ నాలుగేళ్ళ కిందే మెడికల్ కాలేజీకి శరీరదానం రాసిచ్చాడు కదా, దానికి బ్యానరు తయారు చేయించాడు. మనిషి బతికుండగానే. సిగ్గులేదా అన్నాను. అయినా అందులో “భౌతికకాయం” తప్పు పడింది, దిద్ది పంపాను.

జూలై 27, శనివారం

రెజీనా నన్ను వరండాలోకి పిలిచింది. మాట తిన్నగా అడిగింది, ఆ మాటకు మెచ్చుకోవాలి. వాళ్ళమ్మ సమాధి పక్కన చోటుందట. పాస్టరు సరేనన్నాడట. అన్నను అక్కడ పెట్టుకోవాలని ఉంది, మీరు ఒప్పుకుంటారా అంది. శరీరదానం కాగితం మీద సాక్షి సంతకం నాది. పోయాక దగ్గరి బంధువుగా సంతకం పెట్టాల్సింది ఆమె. ఆమె కాదంటే కాలేజీవాళ్ళు ముట్టరు. అయినా నన్ను అడిగింది.

నేను గంటసేపు చెప్పాను. ఆయన సంతకం ఆయన మాట అన్నాను. తిమోతికి కావలసింది మీ అన్న కాదు, “తిరిగొచ్చిన గార్డు” అనే కథ అన్నాను. వచ్చే ఇరవై ఏళ్ళు ప్రతి పండక్కీ ఆ కథ చెప్పుకుంటాడు అన్నాను. ఆమె వింటూ కూర్చుంది. చివరికి, “ఆయన ఎముక ఒకటన్నా నాకు దగ్గర్లో ఉంటే బాగుంటదని అన్నా, అంతే,” అంది.

ఎముకకు చెల్లెలు తెలియదు. ఆ మాట పైకి అనలేదు. అనాల్సింది.

జూలై 30

ఫ్రెడ్డీ పోయాడు. ఉదయం పది నలభై.

జూలై 31, బుధవారం

అన్నీ అనుకున్నట్టే జరిగాయి. రెజీనా కాలేజీవాళ్ళ కాగితం మీద సంతకం పెట్టింది. నేను పెద్ద వాదానికి సిద్ధపడి ఉన్నాను, ఆమె పెన్ను అడిగింది. “మీ ఇష్టప్రకారమే కానీయండి కృష్ణన్నా,” అంది. నాలుగు రోజుల కింద నేను చెప్పిందంతా తలకెక్కినట్టుంది. హేతువు నిదానంగానైనా పనిచేస్తుందనడానికి ఇదే రుజువు.

ఒకటే అడిగింది, వ్యాను కదిలేముందు అయిదు నిమిషాలు ప్రార్థన. కుదరదన్నాను. ఆయన జీవితమంతా కాదన్నదాన్ని ఆయన నోరు మూతపడ్డాక చెవిలో వేయడం అన్యాయమన్నాను. చర్చి ఆడవాళ్ళు ఏడెనిమిది మంది గేటు బయట నిలబడి సన్నగా పాట ఎత్తుకున్నారు. డ్రైవర్ని పోనిమ్మన్నాను. వాళ్ళ పాట పల్లవి దాటకముందే వ్యాను రైల్వే గేటు దాటింది.

మధుబాబు బ్యానరు పట్టుకుని ఫోటోలు తీయించాడు.

చివర్లో ఏమన్నా అన్నాడా అని అందరూ అడిగారు. రెజీనా మందుల షాపుకు పోయినప్పుడు ఆయన దగ్గర ఉన్నది నేనొక్కణ్ణే కదా. ఏమీ అనలేదని చెప్పాను.

ఆగస్టు 1

ఏమీ అనలేదు.

ఆగస్టు 5, సోమవారం

నిన్న సంస్మరణ సభ. పంతొమ్మిది మంది వచ్చారు, అందులో నలుగురు హాలువాళ్ళు. బాగా మాట్లాడాను. చావు ముందు పెద్దపెద్దవాళ్ళే వణికి దేవుడి కాళ్ళు పట్టుకుంటారు, మా ఫ్రెడ్డీ నిశ్శబ్దంగా, ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు, ఆ నిశ్శబ్దమే ఆయన ఆఖరి ఉపన్యాసం అన్నాను. చప్పట్లు కొట్టారు. మధుబాబు ఆ వాక్యాన్ని పేపరుకు పంపాడు. ఇవాళ జిల్లా పేజీలో వచ్చింది.

బిట్రగుంట చర్చిలో ఇంకో కథ నడుస్తోందట. అబిగయీలు అనే ముసలామె, ఫ్రెడ్డీ చివరి రోజు కిటికీలోంచి చూసిందట, ఆయన పెదవులు కదిలాయట, కళ్ళలో నీళ్ళు కారాయట, రక్షణ పొందాడట. కిటికీలోంచి రక్షణ కనబడుతుందన్నమాట. కళ్ళద్దాలు కూడా సరిగా లేని మనిషికి.

భోజనం దగ్గర ఉష అడిగింది, “అంతసేపు ఆయన దగ్గర కూర్చున్నారే, ఏమీ మాట్లాడుకోలేదా?”

లేదన్నాను.

“నలభై నిమిషాలు?”

పెరుగు వెయ్యమన్నాను.

ఆగస్టు 9

ఆ స్థితిలో ఉన్న మనిషికి నోట్లో తడి ఉండదు. మెదడుకు చేరే రక్తం తక్కువ. అప్పుడు వచ్చే శబ్దాలను మాటలుగా లెక్కపెట్టనక్కర్లేదు. ఏ కోర్టూ లెక్కపెట్టదు. సంతకం స్పృహలో ఉండగా పెట్టింది. నిలిచేది అదే.

ఆగస్టు 10

కోర్టులు మరణ వాంగ్మూలాన్ని లెక్కపెడతాయి. తెలుసు. ఫిజిక్స్ లెక్చరర్ అయితే మాత్రం ఆ మాత్రం తెలియదా.

ఆగస్టు 12, సోమవారం

నేను రాసుకునే డైరీలో నాకే అబద్ధం చెప్పుకోవడం భక్తుడు కూడా చేయని పని. జరిగింది రాస్తాను.

ఆ రోజు తొమ్మిదింటికి రెజీనా మందుల షాపుకు పోయింది. పోయేటప్పుడు ఆయన నోరు తడిపి పోయింది. ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. వాతావరణం ఎట్లుంది, డౌన్ గూడ్సు పోయిందా అని అడిగాడు. స్పృహ అంటే ఇంతకంటే ఏముంటుంది? తర్వాత చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు.

“కృష్ణా, ఆ కాలేజీ సంగతి వదిలెయ్. రెజీనా ఏం చేసుకుంటే అది చేసుకోనీ.”

మీరు సంతకం పెట్టారు అన్నాను.

“పెట్టినా. ఇప్పుడు వద్దంటా ఉండా.”

భయమేస్తోందా అని అడిగాను. మరణశయ్య మీద ఉన్న మనిషిని నేను అడిగిన ప్రశ్న అది. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు.

“దేవుడు లేడ్రా. పోయిన తర్వాత నేనూ ఉండను. ఉండేది రెజీనా. దానికి ఒక చోటు కావాల. పూలు పెట్టుకునేదానికి.” ఊపిరి తీసుకున్నాడు. “లేనోణ్ణి యాడ పెడితే నాకేంది?”

నేను సరేననలేదు. కాదనలేదు. ఆయన మళ్ళీ, “చెప్తావు గదా,” అన్నాడు. నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను. ఆయన తాగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలామె కిటికీలోంచి చూసింది దీన్నే. పాపం, ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి.

నేను చెప్పలేదు. ఎందుకంటే ఆయన మాటలో ఉన్న తేడా ఎవరికీ అర్థం కాదు. చర్చిలో పూడిస్తే జనం చూసేది సమాధిని, వాదాన్ని కాదు. తిమోతి గెలుస్తాడు. ముప్ఫై ఏళ్ళు మేం ఊరూరా చెప్పిందంతా “చివరికి వాళ్ళ ఫ్రెడ్డీయే మారాడు” అనే ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. కనుక సిద్ధాంతం కోసం చెప్పలేదు.

సిద్ధాంతం కోసం.

ఈ కారణాన్ని ఇంకోడు చెబితే నేనేమంటానో నాకు బాగా తెలుసు. మతం కోసం మనిషి నోరు మూసిన వాళ్ళ మీద నేను నలభై వ్యాసాలు రాశాను.

ఆగస్టు 15, గురువారం

ఉషకు చెప్పాను. బట్టలు మడత పెడుతోంది, ఆపలేదు.

“దేవుడు లేడని మీరు అన్నప్పుడల్లా నేను ఊరుకునేది ఎందుకో తెలుసా?” అంది. “ఆ నమ్మకం మనుషుల మీద పెట్టుకునుంటారని.”

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం వేళకు ఇచ్చింది. మాట్లాడకుండా కాఫీ ఇవ్వడం కంటే పెద్ద శిక్ష ఏ మతంలోనూ లేదు.

ఆగస్టు 18, ఆదివారం

బిట్రగుంట పోయాను. చర్చి వదిలాక పోతే మేలని మధ్యాహ్నం పోయాను. రెజీనా అప్పుడే వచ్చి చీర కూడా మార్చుకోలేదు. కూర్చోమంది. నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను, మణికట్టు పట్టుకోవడంతో సహా, పూల మాటతో సహా. అంతా అయ్యాక కొట్టినా కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

ఆమె లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది.

“పోయేదానికి రెండు రోజుల ముందు నాకూ ఒక మాట చెప్పినాడు,” అంది. “కాలేజీకి ఇచ్చేయమన్నాడు నన్ను. కృష్ణ మాట కాదనబాక, వాడితో పోట్లాడబాక అన్నాడు. నువ్వు తట్టుకుంటావు, నీకు దేవుడుండాడు, సంఘముండాది. వాడికి నేను తప్ప ఎవురూ లేరు, వాడు తట్టుకోలేడు అన్నాడు.”

ఇప్పుడు కూర్చున్నాను.

ఆ ముసలాయన మా ఇద్దరికీ చెరో మాట చెప్పాడు. నువ్వు ఆమెకు వదిలెయ్. నువ్వు వాడికి వదిలెయ్. ఆ విశ్వాసి నాస్తికుడి మాట నిలబెట్టింది. కాగితం మీద సంతకం పెట్టింది, గుండె కోసి పెట్టింది. నాస్తికుడి శిష్యుణ్ణి నేను, దాన్ని హేతువు సాధించిన విజయమని ఇదే డైరీలో రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను. అక్షరాలు కూడా గుండ్రంగా, తీరుగా ఉన్నాయి.

ఆమె మెత్తగా ఏమీ లేదు. “నాకు కోపం లేదనుకోబాకండి. అయిదు నిమిషాలు అడిగినా, ఇయ్యలేదు. అది నేను మర్చిపోను. దేవుడు క్షమించమన్నాడు, ఆయన చెప్పినంత తొందరగా నాకు చేతగావడం లా.”

క్షమించమని నేను అడగలేదు. అడిగే అర్హత లేదని కాదు, ఆ మాట ఎట్లా అడగాలో నాకు రాదు. ఏం చేయమంటావని మాత్రం అడిగాను.

ఆమె కోరింది విని ఆశ్చర్యపోయాను. వచ్చే నెల ఎనిమిదిన చర్చిలో ఫ్రెడ్డీ జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంది. అబిగయీలు పుణ్యమా అని ఫ్రెడ్డీ మారాడని ఊరంతా అనుకుంటున్నారు. పాస్టరు ఆ రోజు ఆ కథే చెప్పేట్టున్నాడు.

“మా అన్న మారలా. మారుంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరు? ఇరవై ఏళ్ళు రోజూ దానికోసమే మోకాళ్ళ మీద ఉన్నా. కానీ మారలా. లేనిది చెప్పి ఆయన్ని దేవుడి దగ్గరికి పంపిస్తే, అది అన్న కాదు, ఇంకెవరో. నేను చెప్తే కుటుంబం పరువని నమ్మరు. దగ్గరున్నోళ్ళు మీరు. వచ్చి చెప్పండి.”

చర్చిలో? అన్నాను.

“మరి వాళ్ళుండేది చర్చిలోనే గదా.”

సెప్టెంబరు 3

మధుబాబుకు చెప్పాను, సంఘం ముందు ఒప్పుకుంటానన్నాను. ఒప్పుకోవడానికేముంది, ఆయన చెప్పింది ఆయనకూ మీకూ మధ్యలో అన్నాడు. పేపర్లో వచ్చేసిందిగా అన్నాడు. చర్చికి మాత్రం పోవద్దన్నాడు, జనంలోకి తప్పుడు సంకేతం పోతుందట. నెల రోజులుగా నేను నాకు చెప్పుకున్న మాటలే. ఇంకోడి నోట్లో విన్నప్పుడు ఎంత కంపు కొట్టాయో.

సెప్టెంబరు 8, ఆదివారం

నిన్న వినాయక చవితి. మా వీధి పందిరి నుంచి ఇవాళ పొద్దున కూడా సినిమా పాటలు. దాన్ని దాటుకుని చర్చికి పోయాను. ఉష కూడా వచ్చింది, తోడుకు అని చెప్పింది, పారిపోకుండా చూడ్డానికని నా అనుమానం.

అరవై మంది దాకా ఉన్నారు. తిమోతి నన్ను చూసి తడబడ్డాడు. రెజీనా లేచి, కృష్ణన్న మాట్లాడతాడు, ఆయన తర్వాతే మీ ప్రసంగం అంది. అడగలేదు, చెప్పింది.

ఉపన్యాసాలు వేలసార్లు ఇచ్చాను, చర్చిలో ఇదే మొదటిసారి. నేను అబద్ధమాడాను అని మొదలుపెట్టాను. ముందు వరసలో అబిగయీలు “ఆమేన్” అంది. ఒక చచ్చిపోయేవాడు నన్నొక కోరిక కోరాడు, నేను తొక్కిపెట్టాను అన్నాను. ఇంకో నలుగురు “ఆమేన్” అన్నారు. నా గర్వం వల్ల అన్నాను. “స్తోత్రం, స్తోత్రం” అని వెనక నుంచి మగ గొంతులు. అప్పుడు అర్థమైంది. నేను సాక్ష్యం చెబుతున్నానని అనుకుంటున్నారు. ఇంకో రెండు వాక్యాలు ఆ ఊపులోనే పోతే నీళ్ళలో ముంచి తీసేవాళ్ళు.

అందుకని నిలిపి, నిదానంగా చెప్పాను. ఫ్రెడ్డీ మారలేదు. దేవుడు లేడని చివరి రోజు కూడా చెప్పాడు. ఆ నోటితోనే, మా చెల్లెలికి పూలు పెట్టుకోవడానికి చోటు కావాలి, ఆమె ఇష్టప్రకారం పూడ్చుకోనీ అన్నాడు. ఆ కన్నీళ్ళు నేను సరేననలేదని వచ్చినవి, రక్షణ వల్ల వచ్చినవి కావు. నేనూ మారలేదు. ఇంతే.

ఆమేన్‌లు ఆగిపోయాయి. తిమోతి లేచాడు. ఏ వాక్యంతో ఎదుర్కొంటాడో అని చూశాను. అతను తెచ్చుకున్న కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. ఫ్రెడ్డీ గారు నాకు బిట్రగుంట లోకోషెడ్డు సంగతులు చెప్పేవారు, నాకు ఆయన స్నేహితుడు, అని మొదలుపెట్టి, అదే చెప్పి కూర్చున్నాడు. గద్ద అని రాశాను కదా ఇతన్ని. ఆ మాట కొట్టేయను. రాసింది నేనే అని ఉండాలి.

బిర్యానీ తిని రమ్మన్నారు. తిన్నాం. అబిగయీలు నా పక్కన కూర్చుని, మీ కోసం ప్రార్థన చేస్తా నాయనా అంది. చేసుకోండి అన్నాను. వాదించలేదు. ఆకలిగా ఉంది.

సెప్టెంబరు 10

హేతువాద సంఘం వాట్సాప్ గ్రూపు నుంచి నన్ను తీసేశారు. కారణం: “చర్చిలో సాక్ష్యం.” ఫ్రెడ్డీని చర్చి రిజిస్టరులో కొట్టేసినప్పుడు కనీసం పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. నన్ను మధుబాబు బొటనవేలితో కొట్టేశాడు.

సెప్టెంబరు 14, శనివారం

కాలేజీవాళ్ళు శరీరం తిరిగి ఇవ్వరు. అడిగి చూశాను, పద్ధతి కాదన్నారు, మర్యాదగానే అన్నారు. అందుకని వాళ్ళమ్మ పక్కన రాయి ఒక్కటే పెడదామని రెజీనా అంది. తిమోతి ఒప్పుకున్నాడు. రాయి మీద బైబిల్ వాక్యం వేయించనని రెజీనా ముందే అతనికి చెప్పేసింది. నాస్తికుడని వేయించమంటారా అని నన్ను అడిగింది. నిజంగానే అడిగింది, ఎగతాళికి కాదు. వేయిస్తే పాస్టరుతో ఆమె ఎంత గొడవ పడాలో నాకు తెలుసు, పడటానికి సిద్ధంగా ఉంది.

ఆయన ఎప్పుడూ అట్లా చెప్పుకోలేదు, గార్డు అని వేయించు అన్నాను.

కావలిలో సమాధి రాళ్ళు చెక్కే వెంకయ్య దగ్గరికి ఇద్దరం పోయాం. పైన సిలువా, ఓంకారమా, ఏం పెట్టాలని అడిగాడు. ఏదీ వద్దంది రెజీనా. అతనికి నచ్చలేదు, ఖాళీగా ఉంటే రాయి బోసిగా ఉంటదన్నాడు. నా వైపు తిరిగి, మీరు చెప్పండి సార్, మీదే మతం అన్నాడు.

“రాయి ఆయనది. నన్నెందుకు అడుగుతావు?” అన్నాను.

పుట్టిన తేదీ, పోయిన తేదీ, గార్డు, బిట్రగుంట. పేరు నేను కాగితం మీద రాసిచ్చాను. ఫ్రెడ్డీలో డకు వత్తు వదిలేస్తారని పెద్ద అక్షరాలతో రెండుసార్లు రాశాను.